చచ్చిన సర్వరు చార్జి అప్పగించనందున నిలిచిన ఆపరేషను గురించి

ఆసుపత్రి పరిపాలనాధికారి గారి సముఖమునకు,
ఆసుపత్రి గేటు ఎదుట బట్టలు కుట్టు టైలరు పెట్టుకొను అర్జీ.

అయ్యా,

విషయం: ఆసుపత్రి ఫైళ్లు దాచు రెండు సర్వర్లలో మొదటిది మరణించినందున, రెండవది నిక్షేపముగా బ్రతికి ఉండియు ఊరక కూర్చున్నందున, మా అక్కగారి తల ఆపరేషను ఆగిపోవుట, రెండవదానికి తక్షణమే ఇన్‌చార్జి ఇప్పించుట గురించి.

సవినయముగా మనవి చేయునది ఏమనగా:

1. నేను తమరికి తెలియనివాడను కాను. తమరు ఈ కుర్చీలో కూర్చున్న నాటినుండి తమరి ప్యాంట్ల నడుము వదులు చేయుచున్నది నేనే. మా అమ్మ పోయిన తరువాత నన్ను సాకి, మిషను తొక్కుట నేర్పినది మా అక్క. ప్రస్తుతము ఆమె తలలో కంటి నరమును నొక్కుచు ఒక గడ్డ కలదు. ఎడమ కన్ను ఇప్పటికే పోయినది. కుడి కన్ను కూడ పోకముందే గడ్డ తీసివేయవలెనని సర్జన్ మేడమ్ గారు నిర్ణయించియున్నారు.

2. అయితే సదరు మేడమ్ గారు పాత స్కానులు చూడనిదే కత్తి పట్టనన్నారు. గడ్డ ఎటు పెరుగుచున్నదో పాత బొమ్మలు పక్కపక్కన పెట్టి చూచిన గాని తెలియదట. ఆ బొమ్మలు మా వద్ద లేవు. "అన్నీ కంప్యూటరులో భద్రం, ఏ డాక్టరైనా ఏ గదినుండైనా చూసుకోవచ్చు" అని చెప్పి ఫిల్ములు ఇచ్చుట మాన్పించినది తమరే. నేడు ఏ డాక్టరు ఏ గదిలో నొక్కినను తెరమీద ఒక చక్రము గిరగిర తిరుగుచున్నది, అంతే. పోనీ కొత్త స్కాను తీయుదురా అన్నచో, దానిని దాచుచోటు కూడ ఆ చచ్చిన పెట్టెయే కనుక స్కాను మిషను మొరాయించుచున్నది.

3. నేను కంప్యూటర్ల గదికి పోయి విచారించితిని. అచ్చటి ఆపరేటరమ్మను అందరు సర్వరమ్మ అందురు. ఆమె చెప్పిన మాటలు ఉన్నవి ఉన్నట్లు వ్రాయుచున్నాను.

"చూడండి టైలరు గారూ, ఇవి రెండు పెట్టెలు. మొదటిదాంట్లో ఏది రాసినా ఆ క్షణమే రెండోదాంట్లోనూ పడుతుంది. మీ అక్కగారి స్కానులు అదిగో, ఆ రెండోదాంట్లో చుక్క పోకుండా ఉన్నాయి. మొదటిది ఊపిరాపితే రెండోది దాని పేరూ చిరునామా తీసుకుని అదే పని చేసుకుపోవాలి. డాక్టర్లకి పెట్టె మారినట్టు కూడా తెలియకూడదు. కొన్నదే అందుకు."

"మరి చేయదేమమ్మా?"

"చేస్తే ఊరుకుంటారా? సర్క్యులరుంది."

నాకు ఒళ్లు మండినది. నా కొట్టులోనూ రెండు మిషన్లు కలవు. ఒకటి మొరాయించినచో రెండవదానిమీదకు జరుగుదును. ప్యాంటు ఏ మిషను మీద కుట్టితినో తమరు ఏనాడైన అడిగితిరా?

4. సదరు సర్క్యులరు తమరు జారీ చేసినదే, గోడమీద అంటించియున్నది, చదివితిని. "ఏ సీటు బాధ్యతలైనను, అప్పగించువారు, స్వీకరించువారు ఇరువురు సంతకము చేసిన పిమ్మటనే మారవలెను. నోటిమాట చెల్లదు. ఈ నిబంధన యంత్రములకును వర్తించును." ఆహా! మొదటి సర్వరు చచ్చునప్పుడు సంతకము చేయలేదట. రెండవదానికి చేతులే లేవు. తమరి నిబంధన ప్రకారము ఆ రెంటిలో చచ్చినదే ఇంకను డ్యూటీలో కలదు, బ్రతికినది అలంకారమునకు కలదు.

5. రెండు పెట్టెలును "నేనంటే నేను పెద్ద" అని ఒకేసారి వ్రాయసాగినచో ఫైళ్లు చెడునని తమరి భయమని సర్వరమ్మ చెప్పినది. ఆ భయము నిజమేనట. అందుకొరకే మూడవదొక చిన్న మిషనును సాక్షిగా కొన్నారట. మొదటిది నిజముగా పోయినదా లేదా అని రెండవదానితో కలిసి తేల్చుట దాని పని. తమరు దానిని "సాక్షి ఎందుకు, నేను లేనా?" అని స్టోరుకు పంపి, దానంతటది మారు ఏర్పాటును ఆపించి, రెండవ పెట్టె పాస్‌వర్డును సీలు కవరులో పెట్టి తమ సొరుగులో పెట్టుకొనిరి. అనగా ఇంత పెద్ద ఆసుపత్రికి తమరొక్కరే సాక్షి. తమరికి జలుబు చేసినను మాకు దిక్కు లేదు.

6. తమరి డిప్యూటీ గారి కాళ్లావేళ్లా పడితిని. ఆయన టీ తాగుచు, "నాదేముందయ్యా, కవరు సారు దగ్గరుంది. సారు మీటింగులో ఉన్నారు" అనిరి. సర్వరమ్మను, నీవే ఏదో ఒకటి చేయమ్మా అని బ్రతిమాలితిని. "నాకు రిటైర్మెంటు దగ్గరపడింది బాబూ, నన్నిందులోకి లాగకు" అని ముఖము తిప్పుకొనినది. ఆమెకు కన్నీళ్లు వచ్చినవి గాని పని కాలేదు.

7. ఇందాక మా అక్క నన్ను పిలిచి, "కిటికీ ఎటుందిరా?" అని అడిగినది. కిటికీ ఆమె ఎదురుగానే ఉన్నది. అయ్యా, నాకు భయము వేయుచున్నది. ఇది ఆఫీసు భాషలో ఎట్లు వ్రాయవలెనో నాకు తెలియదు.

కావున తమరు దయయుంచి, మృతి చెందిన సర్వరు తరపున తమరే సంతకము చేసి, బ్రతికియున్న సర్వరు తరపున ఎవరిచేతనైన వేలిముద్ర వేయించి, కవరు విప్పించి, మా అక్క కన్ను నిలబెట్టవలెనని వేడుకొనుచున్నాను. తీరిక ఉన్న చిత్తగించవలెను. లేకున్న తీరిక ఉన్నవారికి చార్జి ఇచ్చి వారినైనను చిత్తగింపచేయవలెను.

ఇట్లు,
ఇప్పటివరకు తమ విధేయుడు,
గేటు ఎదుటి టైలరు

తా.క.: సార్, పై కాగితం పట్టుకుని మీ గదికి వచ్చాను. కుర్చీ ఖాళీ. మీటింగు నుంచి వస్తూ మెట్ల మీద గుండె పట్టుకుని కూలబడ్డారని చెప్పారు. మా అక్క వార్డుకి ఎదుటి వార్డులోనే పడుకోబెట్టారు. మీ ఇంటావిడగారు బయట గోడకానుకుని నిలబడ్డారు. మీ గుండెకి నిరుడు తీసిన బొమ్మలు చూస్తే తప్ప ముందుకెళ్లలేమని గుండె డాక్టరు అంటున్నారట. అవెక్కడున్నాయో మీకు చెప్పక్కర్లేదు.

మీరు మంచం మీంచే "ఆ కవరు చింపేయవయ్యా!" అన్నారట. మీ డిప్యూటీ గారు చేతులు కట్టుకుని, "నోటిమాట చెల్లదు కదండీ సార్. మీరు చార్జి అప్పగించినట్టు రాసిస్తే చింపుతాను. సర్క్యులరు మీదే" అన్నారట. అబద్ధమెందుకు, మొదట నవ్వొచ్చింది. తర్వాత మీ ఇంటావిడగారి మొహం చూశాక రాలేదు.

ఆవిడ, "బాబూ, ఇలాంటివి ఎలా రాయాలి, ఎవరికి రాయాలి?" అని నన్నడిగారు. మా అక్క మంచం మీంచే, "పాపం, ఆవిడకీ ఓ కాగితం రాసిపెట్టరా, కబుర్లు తర్వాత" అని కసిరింది. రాశాను. పెద్ద కష్టం కాలేదు. పై అర్జీలో అక్క అన్నచోట మీరు, కన్ను అన్నచోట గుండె. మిగతాదంతా అదే.

చార్జి అప్పగింపు కాగితం కూడా డిప్యూటీ గారు చెప్పినట్టే రాసి తెచ్చాను. స్వీకరించేవారి సంతకం ఆయన పెట్టేశారు. అప్పగించేవారిది మిగిలింది. మీ బొమ్మలూ మా అక్క బొమ్మలూ ఒకే పెట్టెలో ఉన్నాయి కాబట్టి ఇద్దరికీ ఆ ఒక్క సంతకం చాలు. కుడిచెయ్యి బాగానే కదులుతోందని నర్సమ్మ చెప్పింది.

తలుపు దగ్గరే ఉన్నాను సార్. పెన్ను మూత తీసి పట్టుకున్నాను.