చిట్టితల్లి పేరున వచ్చిన డబ్బు

చిరంజీవి పెద్దబ్బాయికి అమ్మ దీవెనలు.

నువ్వు పంపిన డబ్బు చేతికందింది, ఈ పరాయి దేశంలో నేనూ నీ కూతురూ ఉంటున్న గదికి అద్దె కట్టేశాం, ఇక కంగారుపడకు. బ్యాంకు కార్డును మిషను మింగేసి పిల్ల బిక్కమొహం వేస్తే, నువ్వేమో తీసుకునేవాళ్ల పేరు దగ్గర 'చిట్టితల్లి' అని రాసి డబ్బు పంపావు. డబ్బిచ్చే కౌంటరులో ఆవిడ పిల్ల పాస్‌పోర్టు తిరగేసి, "ఈ చిట్టితల్లి ఎవరు?" అంది.

"ఇంట్లో నన్నలా పిలుస్తారండీ" అని పిల్ల నేలచూపులు చూసింది.

"అయితే ఇంట్లోనే తీసుకోండి" అందావిడ.

నువ్వు ఫోనెత్తి పేరు దిద్దించకపోతే ఆ సాయంత్రమే గది ఖాళీ చేయాల్సి వచ్చేది.

పెరటి తలుపు గొళ్ళెం బాగుచేయించావా? కోడలికి మోకాలి నొప్పి తగ్గిందా? ఇంటిల్లిపాదికీ నా ఆశీస్సులు. కొత్త కార్డు వచ్చేదాకా వచ్చే నెల అద్దె కూడా నువ్వే పంపాలి, ఈసారి నా పేరున. నా పేరు గుర్తులేకపోతే మీ మేనత్తను అడుగు, అంతేగానీ 'అమ్మ' అని రాసి పంపకు.