కిటికీలోని పాత్ర

7 మార్చి 1796, సోమవారం

నా బావమరిది ఈనస్ పనిబల్ల అమ్మేసి అంగడి తెరిచాడు. వీధివైపు గాజు కిటికీ. అందులో బాస్టన్ నుంచి తెప్పించిన చెంచాలూ గిన్నెలూ దారినపోయేవాళ్లకు పళ్లికిలిస్తున్నాయి. సుత్తి పట్టడం మరిచినవాడు వాటిమీద తన పేరు కొట్టుకుంటున్నాడు. ఈ న్యూబరీపోర్టులో జనం పాత వెండి పట్టుకొచ్చి, కంసాలి ఎదుట కూర్చుని, కళ్లముందే తూయించి, కరిగించి చేయించుకునేవారు. ఇప్పుడు గాజుకు ముక్కు ఆనించి, అదిగో అది ఇవ్వండి అంటున్నారు. బైబిల్లో ఎఫెసు ఊరి దేమేత్రి కూడా కంసాలే. విగ్రహారాధకుడే గాని, తన సరుకు తానే చేసుకున్నాడు.

19 మార్చి, శనివారం

బాస్టన్ వర్తకుడు అడిగిన ఆరు పాత్రలు పంపాను. నా పేరు ముద్ర వద్దన్నాడు, కొట్టలేదు. పేరు లేని పాత్ర అబద్ధమాడదు. ఒకదాని అడుగున సూదిమొనంత రంధ్రం. మళ్లీ కరిగించవలసింది. బండివాడు బయట ఒకటే గోల. టంకం పెట్టి సరిపుచ్చాను.

12 ఏప్రిల్, మంగళవారం

చనిపోయిన భర్త వెండి ముంత మన సంఘానికే ఇస్తానంది కెజయా లంట్, ప్రభువు బల్ల దగ్గర ద్రాక్షరసం పంచే పాత్ర కోసం. అది చేయదగినవాణ్ణి ఈ ఊళ్లో నేనొక్కణ్ణే. వెళ్లి అడగలేదు. పని నా గుమ్మానికి రావాలి గాని నేను పని గుమ్మానికి పోను.

ఆవిడ ముంత ఈనస్ చేతిలో పెట్టి, కిటికీలోంచి ఒక పాత్ర పట్టుకుపోయింది! ఏమమ్మా అంటే, మీ దగ్గరికొస్తే వెండికంటే ముందు నన్ను తూస్తారు ట్రాస్క్ గారూ, ఆయన కూర్చోమని టీ ఇచ్చాడు, అంది.

టీ! జ్యేష్ఠత్వం అమ్ముకోవడానికి ఏశావుకు చిక్కుడుకాయల వంటకం. ఈవిడకు టీ.

24 ఏప్రిల్, ఆదివారం

మందిరంలో కొత్త పాత్ర కారింది! డీకన్ పర్లీ తెల్లటి చొక్కా చేతిమీద ఎర్రని బొట్లు. లేచాను. గంటసేపు కూర్చోలేదు. బద్దలైన తొట్లలో నీళ్లు నిలవవని యిర్మీయా ప్రవక్త మొత్తుకోలేదా, కిటికీ క్రైస్తవులారా, అన్నాను. కెజయా ఏడ్చింది. ఈనస్ సున్నం కొట్టిన గోడలా నిలబడ్డాడు.

పాత్ర పరీక్షించి తప్పెవరిదో వచ్చే ఆదివారం చెప్పమని నాకే అప్పగించారు. ఈనస్‌ది మోసమని నేనంటే సంఘం వాణ్ణి వెలివేస్తుంది. వాడి గిరాకీ అంతా సంఘమే. అంగడికి ఇక తాళమే.

సంతోషంగా ఉంది. దాచను.

26 ఏప్రిల్, ఉదయం

పాత్ర బోర్లించాను. పాదం లోపల ఈనస్ పేరు. రంధ్రం వెతకబోయేలోగా బొటనవేలు దానంతట అదే అక్కడికి పోయింది.

నా టంకం.

నా పాత్రలు పేరు లేకుండా బాస్టన్ దాకా బండెక్కి వెళ్లి, ఈనస్ కిటికీలోకి దొరల్లా తిరిగొచ్చాయి.

అదే రోజు, సాయంత్రం

నా భార్య మెహిటబెల్ గుమ్మంలో నిలబడి చూసింది. మా తమ్ముడి సుత్తి దెబ్బ తెలుసు, మీదీ తెలుసు, ఆ పాత్ర ప్రభువు బల్లమీదికి వచ్చినప్పుడే పోల్చుకున్నాను, అంది. మరి చెప్పవేమన్నాను. మీరు ప్రసంగిస్తున్నారుగా, మధ్యలో ఎవరి మాట దూరుతుంది, అంది.

29 ఏప్రిల్, శుక్రవారం

అతుకు తీసి అడుగు కొత్తగా వేశాను. నున్నగా కుదిరింది. ఎవరికీ తెలియదు. దొంగసొత్తు పాతిపెట్టాక ఆకాను కూడా గుడారంలో మట్టి ఇలాగే చదును చేసి ఉంటాడు.

1 మే, ఆదివారం

ప్రసంగం లేదు. సుత్తి, చిన్న దాగలి, నా ముద్ర మందిరానికి పట్టుకెళ్లాను. అందరి ఎదుట ఈనస్ పేరు పక్కన ముద్ర కొట్టాను. ఒక్కటే దెబ్బ. చేసింది నేను, కన్నం పూడ్చి పంపింది నేను, అన్నాను.

ఈనస్ లేచి, కిటికీలో ఇంకా అయిదున్నాయి బావా, వచ్చి వాటికీ కొట్టిపో, అన్నాడు. ముందు నవ్వింది కెజయా.

రేపు వెళ్లాలి. టీ ఇస్తాడట.