నువ్వు అడిగే బిల్లు చట్టమైంది

సరోజా,

కౌలు కట్టి చేసే గుత్త రైతును పొలం నుంచి తీసెయ్యకూడదనే బిల్లు చట్టమైంది. రోజూ పేపరు రాగానే, బస్సులో వస్తున్న చుట్టాన్ని గురించి అడిగినట్టు, "ఈ పొద్దు యాడికొచ్చింది?" అనేదానివి. నువ్వున్నన్నాళ్లూ అది కమిటీలోనే ఉండిపోయింది. తర్వాత శాసనసభలో ఒక్కో క్లాజు మీద వాదించుకుని, సవరించి, ఓటేశారు. పైసభ విధాన పరిషత్తూ ఒప్పుకుంది. గవర్నరు దగ్గర నుంచి రాష్ట్రపతి దాకా వెళ్లి, సంతకమై, గెజెట్‌లో అచ్చయింది.

మన ఊరు పరగోడు వెళ్లి, మన పొలం చేసే గంగప్పకు చెప్పాను. గుత్త రైతు చెట్టు నాటితే హక్కు అడుగుతాడని మనవాళ్లు ఎన్నడూ నాటనివ్వలేదు కదా. అతను వెంటనే మామిడి మొక్క తెచ్చాడు.

"యాడ పెట్టేదప్పా?"

"నీ ఇష్టం గంగప్పా. ఇంక నన్నడిగే పని లేదు."

"మీ ఒప్పుదల కాదప్పా నేనడిగేది. చట్టం కానియ్యి గంగప్పా, చెట్టుకు చోటు నేను చూపిస్తా అనేది అమ్మ. మీకు చెప్పుంటాదని."

నాకూ చెప్పలేదు నువ్వు. మొక్క పట్టుకుని ఇద్దరం పొలమంతా తిరిగాం. నీకు నచ్చే చోటు ఇదేనేమో అనుకుంటూ ప్రతి గట్టు దగ్గరా ఆగాం.