కెల్లన్ సంపాదించిన గది

సెయింట్ జార్జెస్, గ్రెనడా

అమ్మా, మాకు తలదాచుకునే చోటు దొరికింది, ఇక దిగులు మానుకో.

ఈ ఊళ్ళో గదులన్నీ ఓడ దిగే యాత్రికులకే ఇస్తున్నారు. మనబోటివాళ్ళకు అందే అద్దె ఎక్కడా లేదు. నిన్న కొండమీద మిస్ యూడోరా అనే పెద్దావిడ తలుపు తట్టాను. నా చంకలో కెల్లన్‌ను చూస్తూనే, "చంటిపిల్లలున్నవాళ్ళకు ఇవ్వనమ్మా, నాకసలే నిద్ర పట్టదు" అంది. నేను మెట్లు దిగబోతుంటే వాడు ఏడుపు లంకించుకున్నాడు.

"ఇంత ఎండలో పసివాణ్ణి తిప్పుతావుటే! ఇటియ్యి" అని లాక్కుని భుజాన వేసుకుంది. వాడు ఇట్టే నిద్రపోయాడు. తీసుకుందామని నేను చేతులు చాపితే కసిరింది.

"కదిపావంటే లేస్తాడు. వెళ్ళి నీ సామాను తెచ్చుకో. అద్దె సంగతి ఈ బుల్లి అయ్యగారు లేచాక మాట్లాడుకుందాం."

వాడు లేచాక, నేను ఇచ్చుకోగలిగినంతే అడిగింది. నాకు ఏడుపొచ్చింది.

శనివారం పడవలో మన క్యారియకూ దీవి కందులు కాసిని పంపు, ఆవిడకు ఇష్టమట. మేక ఈనిందా? నాన్న మోకాలికి కాపడం పెడుతున్నావా? తమ్ముడికి ముద్దులు. కెల్లన్ ఇప్పుడూ ఆవిడ ఒళ్ళోనే ఉన్నాడు. నువ్వు ఉడుక్కోకు, నువ్వు పాడే జోలపాటే ఆవిడకు నేర్పుతున్నాను.

నీ జెనీల్