తడిక అవతలి గొంతు

ప్రొద్దుటూరు,
ఆదివారం.

అక్కయ్యకు సుభద్ర నమస్కరించి వ్రాసుకొనే సంగతులు. నేనిక్కడ కులాసాగానే ఉన్నాను. నువ్వు, బావగారు, పిల్లలు అక్కడ కులాసా అని నీ చేతివ్రాతలో చూసుకుంటే గాని నాకు మనసు కుదుటపడదు. బావగారి మోకాలి నొప్పి ఎలా ఉంది?

నీ ఉత్తరం నిన్న అందింది. బందరుదాకా ఎవరు చేరవేశారో గాని, నేను పోలీసు స్టేషనుకు వెళ్ళానన్న మాట నిజమే. నా మీద కేసు లేదు. నన్నెవరూ ఒక్క మాట అనలేదు. అంతా చక్కబడింది. ముందు ఈ ముక్క చదివి నిమ్మళించు, మిగతాది నింపాదిగా చదువుకో.

మద్రాసు నుంచి విడిపోయి మన రాష్ట్రం వచ్చిందన్న సంబరంలో ఈ బదిలీకి ఒప్పుకున్నాను గదా. వచ్చాక తెలిసింది ఇక్కడి ఎండ. పొద్దున్నే గచ్చు కాలుతుంది. రాగిసంగటి అలవాటైంది, నీళ్ళ ఉప్పదనం ఇంకా కాలేదు. సాయంత్రం పిల్లలు వెళ్ళిపోయాక బడి బావురుమంటుంది. అయినా బెంగపడకు, తింటున్నాను, నిద్రపోతున్నాను.

ఇక అసలు సంగతి. ఇక్కడ ముస్లిం ఇళ్ళ ఆడపిల్లలు కాస్త ఎదగ్గానే బడి మానేస్తారు. కుట్టుపని నేర్పితేనైనా పంపుతారని, ఖైరున్నీసాగారు అనే ఆవిడను బతిమాలి తెచ్చుకున్నాను. ఆవిడది ఘోషా. కుట్టుగదికీ వరండాకూ మధ్య తడిక కట్టిస్తేనే వస్తానన్నారు. తడిక అల్లడానికి ఓబులేసును పిలిపించాను. ఎరుకల మనిషి, ఏభై ఏళ్ళుంటాయి, వెదురు గంపలు అల్లి బతుకుతాడు.

వాళ్ళ కులాన్నంతటినీ పుట్టుకతోనే దొంగలని రాసిపెట్టిన చట్టం ఒకటి తెల్లవాళ్ళ కాలంలో ఉండేది. ఊరు దాటాలంటే స్టేషనులో చెప్పిపోవాలి. ఆ చట్టం తీసేసి ఏళ్ళయింది. భయాన్ని ఎవరూ తీసెయ్యలేదు. అది వాళ్ళలోనూ ఉంది, పోలీసుల్లోనూ ఉంది. నాలోనూ ఉందని ఒప్పుకోవాలి. అతను పనిలోకి వచ్చిన రోజు నేను కుట్టుగదిలోని కత్తెరలన్నీ తీసుకెళ్ళి బీరువాలో పెట్టి తాళం వేశాను. అతను చూశాడు. చూడనట్టు వెదురు చీలుస్తూ కూర్చున్నాడు.

పని మూడు రోజులు సాగింది. తడిక సగం లేచేసరికి ఖైరున్నీసాగారు ఒక మెలిక పెట్టారు.

"ఆయప్ప ఆ పక్కనే కూర్చోనుండాడో, లేసి ఈ పక్కకొస్తాండాడో నాకెట్ల తెలుస్తుంది? నోరు మూసుకొని పని చేస్తే కుదర్దు పంతులమ్మా. పాడమనండి. గొంతు ఆగిందంటే నేను ముసుగేసుకుంటా."

చెప్పాను. "బళ్ళో పాటలా తల్లీ?" అని బిత్తరపోయి, ఆనక అందుకున్నాడు. ఆ గొంతు గురించి నేనేమీ రాయను.

ఇది రెండు వారాల కిందటి బుధవారం. ఆ మధ్యాహ్నమే, యజమాని భోజనానికి లోపలికి వెళ్ళిన వేళ, బజారులో ఒక బంగారు అంగట్లో గొలుసు పోయింది. శుక్రవారం పొద్దున ఓబులేసు భార్య ఎల్లమ్మ వచ్చి బడి మెట్ల మీద కూలబడింది.

"పంతులమ్మా, మా ఆయప్పను పట్టుకున్నారు."

"ఎవరొచ్చి పట్టుకున్నారు?"

"ఎవరూ రాల్యా. తనే పోయినాడు. మా బిడ్డ పులివెందుల్లో కన్నది. శనివారం పేరు పెడతారు. ఊరిడిసి పోతాండానని స్టేషన్లో చెప్పొస్తానని నిన్న మాపట్నే పోయినాడు. గొలుసు పోయిన రెండోనాడే ఊరిడుస్తావా అని ఆడనే కూర్చోబెట్టినారు."

"చెప్పమని ఇప్పుడెవరడిగారు ఎల్లమ్మా?"

"వాళ్ళ తాత చెప్పినాడు, వాళ్ళ నాయన చెప్పినాడు. చెప్పకుంటే కొడతారు గదమ్మా."

"చెప్తే?"

"చెప్పినా కొట్టినారులే," అంది, కొంగు వేలికి చుట్టుకుంటూ. "రేపు కోర్టులో పెడతారంట. ఆడికి పోయినోడు ఎప్పుడొస్తాడమ్మా?"

అక్కయ్యా, నేను వెంటనే లేచి వెళ్ళానని రాస్తే బాగుండేది. లేవలేదు. చాలాసేపు కుర్చీలోనే ఉన్నాను. ఈ మనిషి గురించి నాకేం తెలుసు? బుధవారం ఇక్కడే పని చేశాడు, నిజమే. కాని మధ్యలో ఒక గంట నేను పోస్టాఫీసులో ఉన్నాను గదా? చివరికి ఎల్లమ్మ ఎదురుగా కూర్చోలేక లేచాను.

స్టేషనులో సబ్ఇన్‌స్పెక్టరు కుర్చీ వేయించాడు, మంచినీళ్ళు ఇప్పించాడు. ఓబులేసు గోడవార నేల మీద ఉన్నాడు. ఎడమ చెవి వాచి నల్లబడింది. నన్ను చూసి లేవబోతే, హెడ్ కానిస్టేబులు "కూర్చోరా!" అని అరిచాడు. ఆ అరుపుకి నేనే ఉలిక్కిపడ్డాను. ఒకే గదిలో నాకు కుర్చీ, అతనికి ఆ అరుపు.

బుధవారం అతను మా బళ్ళోనే పని చేశాడని చెప్పాను. "మీరు మధ్యాహ్నమంతా అక్కడే ఉన్నారా?" అని అడిగాడు ఎస్సై.

"ఒక గంట లేను," అన్నాను. నిజం గదా. చెప్పకుండా ఉండవలసిందేమో నాకిప్పటికీ తెలియదు.

"ఆ గంటలోనే పోయింది సార్ గొలుసు," అన్నాడు హెడ్డు ఉత్సాహంగా.

ఎస్సై నా వైపు జాలిగా చూశాడు. "మీరు చదువుకున్నవారు, మంచివారు. వీళ్ళ సంగతి మీకు తెలీదమ్మా. రక్తంలోనే ఉంటుంది."

జవాబు చెప్పాలనుకున్నాను. కత్తెరలు గుర్తొచ్చి, లేచి వచ్చేశాను.

బడికి తిరిగొచ్చి ఖైరున్నీసాగారి దగ్గర కూర్చుని ఏడ్చినంత పని చేశాను. ఆవిడ సూది పక్కన పెట్టారు. "జట్కా పిలిపించండి. నేనొస్తా."

"మీరా? స్టేషనుకా? మీవారు..."

"మా ఆయన జమ్మలమడుగు పోయినాడు. అడిగితే కదా వద్దనేది. నేను దిగను. వాళ్ళనే రమ్మనండి."

జట్కాకు నాలుగు పక్కలా పరదా కట్టించుకుని వచ్చి స్టేషను ముందు ఆపించారు. ఆ ఎండలో ఎస్సై టోపీ పెట్టుకుని వీధిలోకి వచ్చి, బండి పక్కన నిలబడవలసి వచ్చింది. పరదా లోపలి నుంచి ఆవిడ జరిగింది చెప్పారు.

ఓబులేసును గుమ్మంలోకి తెచ్చి కూర్చోబెట్టారు. ఎస్సై అటు తిరిగి కేకేశాడు. "ఏరా! ఆడపిల్లల బళ్ళో పాటలు పాడినావంట?"

ఓబులేసుకు అది ఇంకో నేరంగా వినిపించింది కాబోలు. చేతులు జోడించాడు.

"ల్యా సామీ! నేనెందుకు పాడతా? బిడ్డ మీద ఒట్టు, నోరే తెరవల్యా!"

"చూసినారా సార్?" అన్నాడు హెడ్డు.

పరదా కదిలింది. "పాడల్యా? నా చెవులు చిల్లులు పడినాయి గదప్పా!"

మా వెనకే వచ్చిన ఎల్లమ్మ గుండెలు బాదుకుంటోంది. "పాడినానని చెప్పుకో ముసిలోడా! ఇంట్లో పాడి పాడి మమ్మల్ని చంపుతావే, ఈడ ఏమొచ్చింది నీకు!"

నేను వెళ్ళి అతని ముందు వంగి చెప్పాను. "ఓబులేసూ, పాట తప్పు కాదు. పాడమన్నది మేమే. బుధవారం పాడిందే పాడు. పాడితే ఇంటికి పోతావు."

నా మొహం చూశాడు, ఎస్సై బూట్లు చూశాడు. అందుకున్నాడు. భయంతో ఇంకా పెచ్చు అయింది ఆ గొంతు. వీధిలో జట్కా గుర్రం చెవులు నిక్కబొడుచుకుంది.

"అదే, అదే! చాలనండి," అన్నారు ఖైరున్నీసాగారు. "మూడు పాటలకే సరుకైపోయింది. ఆనక మనవరాలికి పేర్లు వెతుక్కున్నాడు. చదవమనండి."

"సుంకులమ్మ... గంగమ్మ... ఎల్లమ్మ..."

"ఆగు! ఎల్లమ్మ వద్దన్నావు. ఇంట్లో ఉండే ఒకతే చాలన్నావు."

కానిస్టేబుళ్ళు పగలబడి నవ్వారు. ఎల్లమ్మ ఏడుపు ఆపి మొగుడి వైపు ఒక చూపు చూసింది. ఎస్సై మాత్రం నవ్వకుండా అడిగాడు. "మధ్యాహ్నమంతా గొంతు ఆగలేదని ఎలా చెప్పగలరు?"

"ఆగింటే నేను ముసుగేసుకోవల్ల. ఆ ఎండలో, ఆ ఉక్కలో ఒక్క తూరి కూడా ఏసుకోల్యా. అది మరుపొస్తుందా సాబ్? యాడ సంతకం పెట్టల్ల చెప్పండి."

కాగితం, కలం పరదా కిందుగా అందించారు. ఒక్క చెయ్యి బయటికి వచ్చి ఉర్దూలో ఒకటి, తెలుగులో ఒకటి సంతకం చేసింది. ఓబులేసును వదిలిపెట్టారు.

హెడ్డు నా వెనకే గేటుదాకా వచ్చాడు. గొంతు తగ్గించి, "సోమవారం సర్కిలు ఇన్‌స్పెక్టరు వస్తాడమ్మా. చూపించేకి ఎవరో ఒకరుండల్ల. లేకుంటే నన్ను యాడికో తోలుతారు. పిల్లోల్లు చదువుకుంటాండారు," అన్నాడు. అతని మీద కోపం పోలేదు. జాలి కూడా కలిగింది, అదే నాకు నచ్చలేదు. ఖైరున్నీసాగారి తడిక కాకుండా, ఓబులేసు ఇంకెవరి గంపో అల్లుతూ ఉండి ఉంటే? ఈ ప్రశ్న వదలడం లేదు. కాని మనిషి బయటపడ్డాడు, ఆ రాత్రి నిద్ర పట్టింది. ఆ పూటకు అది చాలు.

వాళ్ళాయన తిరిగొచ్చాక ఏమన్నాడని ఖైరున్నీసాగారిని అడిగాను. "అలిగినాడు. అన్నం తిన్నాడు," అన్నారు. ఆవిడ కోసం నీ పాత కుట్టుపూల నమూనాలు తపాలాలో పంపించు. కుట్టుగదికి ఇప్పుడు తొమ్మిది మంది పిల్లలు వస్తున్నారు. కత్తెరలు బల్ల మీదే ఉంటున్నాయి.

అతన్ని వదిలిన మర్నాడు పొద్దున పులివెందుల బస్సెక్కబోతూ మొగుడూపెళ్ళాలు బడి దగ్గర ఆగారు. నేను గట్టిగా చెప్పాను. "ఓబులేసూ, ఇక నువ్వు ఎక్కడికి పోయినా ఎవరికీ చెప్పక్కర్లేదు. స్టేషనులోనూ కాదు, నాకూ కాదు."

"సరే తల్లీ," అని నాలుగడుగులు వేసి, వెనక్కి తిరిగి, "పోతాండా తల్లీ," అన్నాడు.

నా మొహం వాడిపోయిందేమో, ఎల్లమ్మ నవ్వింది. "చుట్టాలకు కూడా చెప్పే పోతారు గదమ్మా."

"పోయి రండి," అన్నాను.

బావగారికి నా నమస్కారాలు, పిల్లలకు ముద్దులు. నీ చెల్లెలు ధైర్యంగా ఉండాలని దీవించు, అక్కయ్యా.

నీ
సుభద్ర