పెళ్లి చీరకు పట్టిన బూజు

నవంబరు, ఆదివారం

పొద్దున ప్రార్థన కూటంలో "దాచిన పాపం బయట పెట్టండి!" అని గొంతు చించుకుని బోధించాను. ఇంటికొచ్చేసరికి నా భార్య సుందరమ్మ పెళ్లి చీర ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. చనిపోయిన వాళ్ల నాయన నేసిన చీర. గంజి వదలని మడతల్లో బూజు. పోయిన నెల వానకు తడిసిన నా వేదగ్రంథాన్ని, తడి పీల్చుకుంటుందని పెట్టెలో ఆ మడతల మధ్య దాచి, తెల్లారి తీసేసింది నేనే. అయినా "గోడ చెమ్మేమో" అన్నాను.

ఆమె ఉతికి ఆరేసింది. మరక పోలేదు. అన్నం సయించక సాయంత్రం ఒప్పుకున్నాను.

"నాకు తెల్దా బోధకయ్యా? మరక నలుచదరంగా ఉండాది, నీ పుస్తకమంతే. ఎప్పుడు బయట పెడ్తావో అని చూస్తాండా" అని నవ్వింది. నవ్వుతూనే నాయన నేసిన అంచును తడుముకుంది.

వచ్చే ఆదివారం ఆ చీరే కట్టుకుని ముందు వరుసలో కూర్చుంటుందట. ఏం బోధించాలో...