పోతురాజు వేలిముద్ర

కొత్తపేట,
జూన్.

ప్రియమైన అత్తయ్య గారికి,

నాగదుర్గ నమస్కారాలు. ఫోన్లో ఎంత గట్టిగా మాట్లాడినా మీకు వినబడడం లేదు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. తీరిగ్గా కూర్చుని చదువుకోండి. మీ మనవరాలు భవాని ఆరో తరగతిలో చేరింది. నా కుట్టుపని బాగానే సాగుతోంది.

పలివెల వెళ్లే రోడ్డు పక్కన ఒక చిన్న ఇల్లు అమ్మకానికొచ్చింది. రెండు గదులు, వెనక కాస్త పెరడు. ఇంతవరకూ సొంతిల్లంటూ లేని నాలాంటి చిన్న సంపాదనవాళ్లకి, మొదటి ఇల్లు కొనుక్కోవడానికి ప్రభుత్వం సాయం చేస్తోందట. అది తిరిగి కట్టక్కర్లేదు. మిగిలింది బ్యాంకు అప్పు. ఆఫీసులో యేసురత్నం గారని ఒకావిడ ఉన్నారు. నన్ను కూర్చోబెట్టి అన్నీ ఆవిడే నింపారు. చివర్లో మాత్రం ఆగిపోయారు.

"మీ ఆయన వేలిముద్ర కావాలండి," అన్నారు.

"ఆయన లేరండి. మూడేళ్ల కిందట పెద్ద వరదప్పుడు జ్వరంతో ఉన్న పక్కింటి బుజ్జమ్మ గారిని గోదారి లంకలోంచి ఆసుపత్రికి పడవలో తీసుకొస్తుంటే, పడవ తిరగబడిపోయిందండి. ఆవిడ శవం దొరికింది. ఈయన దొరకలేదు," అన్నాను.

"అయితే పోయేరని సర్టిఫికెట్ తేవాలి కదండీ."

మీరూ ఊరి పెద్దలూ వచ్చి చెబితే ఆ కాగితం ఇస్తారట. కన్నతల్లిని ఈ మాట అడగడానికి నాకు నోరు రావడం లేదు. అందుకే రాసి అడుగుతున్నాను. ఇప్పుడున్న గది వినాయక చవితిలోగా ఖాళీ చెయ్యమంటున్నారు.

మీ కోడలు,
నాగదుర్గ


లంక నుంచి.

సౌభాగ్యవతి నాగదుర్గకు నూకాలమ్మ దీవెనలు.

నీ ఉత్తరం చదివి రెండు పూటలు అన్నం ముట్టలేదు. నువ్వు ఇల్లు కొనుక్కుంటానంటే నాకు ఇష్టం లేక కాదు. కానీ వాడు పోయాడని నేనెలా చెప్పను? వాడు వస్తున్నాడు.

నిన్న మధ్యాహ్నం బియ్యం ఏరుకుంటుంటే అరుగు మీద ఎవరో కూర్చున్నట్టయింది. చెవిటిదాన్ని, చప్పుడు విన్నానని అబద్ధమాడను. వాసన వచ్చింది. తడిసిన పడవ మోకు వాసన, వాడి చొక్కాకి ఎప్పుడూ ఉండేదే. బయటికొచ్చి చూస్తే, మనిషి కూర్చున్నంత మేర అరుగు తడిసి ఉంది. వాన చుక్క లేదు. చెయ్యి పెట్టి చూశాను. గోదారి నీళ్లలా చల్లగా ఉంది.

వాడు ఏ ఒడ్డునో ఉన్నాడు. దారి తెలీక తిరుగుతున్నాడు. తల్లే పోయాడనేస్తే ఇంక వాడికి ఇల్లెక్కడ? నన్ను ఈ ఒక్కటీ అడక్కు.

భవానికి ముద్దులు.
నూకాలమ్మ


కొత్తపేట,
జూలై.

ప్రియమైన అత్తయ్య గారికి,

మీ మాట నేను కొట్టిపారెయ్యను. నాకూ కనబడతారు. మొన్న మిషను కుడుతూ తలెత్తితే, సందు మలుపులో ఆయన వీపు. ఎడమ భుజం కాస్త కిందికి వంచి నడిచే ఆ నడక ఇంకెవరికుంది? చేతిలో జాకెట్టు అక్కడే పడేసి పరిగెత్తాను. మలుపులో కొబ్బరి పీచు డొక్కల బండి తప్ప ఏమీ లేదు. ఇంటికొచ్చేసరికి భవాని గుమ్మంలో నిలబడి ఉంది. "నాన్నేనా అమ్మా?" అంది. నేనేమీ చెప్పకుండానే.

ఆ ఇల్లు చూడ్డానికి వెళ్లినప్పుడు కూడా నాకు మొదట వచ్చిన ఆలోచన ఏమిటో తెలుసా? ఈ ఇల్లు ఆయనకి తెలియదే, వస్తే ఎలా కనుక్కుంటారని. ఆ గదుల్లో ఆయన ఒక్కసారీ తిరగలేదు. అక్కడ మేమిద్దరం నిజంగా ఒంటరివాళ్లం అయిపోతాం. అది తలుచుకుంటే భయం వేస్తోంది. కానీ అక్కడైతే భవాని హాయిగా నిద్రపోతుందేమో అని కూడా అనిపిస్తోంది.

యేసురత్నం గారు, ఆయన జాడ తెలియదని రాసి దరఖాస్తు పైకి పంపుతానన్నారు. ఏమవుతుందో చూడాలి. మిమ్మల్ని మళ్లీ అడగను.

మీ
దుర్గ


లంక నుంచి.

సౌభాగ్యవతి నాగదుర్గకు దీవెనలు.

పిల్ల నిద్రపోవడం లేదని ముందే ఎందుకు రాయలేదు?

ఇవాళ పొద్దున్న రేవులోకి దిగాను. నీళ్లు ఎర్రగా ఉన్నాయి. మోకాలి లోతులో నిలబడి పైకే చెప్పాను. "ఒరేయ్ పోతురాజూ, నీ కూతురికి ఇల్లు కావాలంట్రా. ఆఫీసుకెళ్లి నువ్వు లేవని చెప్పబోతున్నాను. కోపం తెచ్చుకోకు. నా అరుగు మీదికి నువ్వెప్పుడైనా రా, కాగితం మీద మాత్రం పోరా నాయనా," అన్నాను. స్నానానికొచ్చినవాళ్లు నన్ను పట్టుకుని ఒడ్డుకి తీసుకొచ్చారు.

శుక్రవారం పెద్దల్ని వెంటబెట్టుకుని వస్తాను.

నూకాలమ్మ


కొత్తపేట,
ఆగస్టు.

అత్తయ్య గారికి,

పెద్దల్ని తీసుకురావద్దు. ఈ ఉత్తరం రాజోలు బస్సు డ్రైవరు శివప్రసాద్ గారి చేతికిచ్చి పంపుతున్నాను. కూర్చుని చదవండి.

దరఖాస్తు తిరిగొచ్చింది. యేసురత్నం గారు నన్ను పక్కకి పిలిచారు. "మీ ఇంటాయన పేరు మీద సాయం ఇదివరకే ఇచ్చేసేరండి. కైకలూరు దగ్గర ఇల్లు కొనుక్కున్నారు. పోయిన ఏడాది," అన్నారు.

"ఇంకెవరో అయ్యుంటారండి."

"వేలిముద్ర ఆయనదేనండి. భార్య అని ఇంకొకావిడ పేరు రాసుందండి."

అత్తయ్య గారూ, మీ అబ్బాయి బతికే ఉన్నారు. ఇంకొక మనిషితో. ఈ మాట వినగానే నాకు సంతోషం కలగాలి, లేదా కోపం రావాలి. రెండూ రాలేదు. ఆయన అక్కడ అన్నం తింటూ, పనికి వెళ్తూ ఉంటే, ఇక్కడ సందు మలుపులో కనబడేదెవరు? మీ అరుగు తడిపేదెవరు?

ఆయనే వచ్చి, తను వేరే ఉంటున్నానని ఒప్పుకుంటే నా దరఖాస్తు ఒంటరి మహిళ కింద విడిగా చూస్తారట. నేను వెళ్లలేను. ఆయన ముఖం చూడలేను.

దుర్గ


కైకలూరు దగ్గర నుంచి.

నా తల్లి దుర్గకు,

నేనే వచ్చాను. యేసురత్నం గారిని అడిగి ఊరి పేరు తెలుసుకుని, నీకు చెప్పకుండా బస్సెక్కాను.

చేపల చెరువుల మధ్య చిన్న కాలనీ. తలుపు తీసింది రత్నమాల అనే అమ్మాయి. "ఎవరు కావాలండి?" అన్నట్టు పెదాలు కదిలాయి. పోతురాజు వాళ్లమ్మనని అన్నాను. తల్లి, పెళ్లాం, కూతురు ఉన్నారని వాడు ఆ పిల్లకి ఎప్పుడూ చెప్పలేదట.

వాడు లోపల గదిలో ఉన్నాడు. చిక్కిపోయాడు. నన్ను చూసి లేవలేదు, ఏడవలేదు. కొట్టాలని వచ్చినదాన్ని, వాడి తల నిమురుతూ ఉండిపోయాను. అప్పుడు నా చెవి దగ్గర నోరు పెట్టి చెప్పాడు.

"బుజ్జమ్మ గారి చెయ్యి పట్టుకునే ఈదేనమ్మా. ఒడ్డు కనబడుతోంది. ఆవిడ నా పేరు పెట్టి పిలుస్తూనే ఉంది. బరువైపోయి నేనే వదిలేసేను. జారిపోలేదు, వదిలేసేను. ఆవిడ పిల్లలకి నా ముఖం ఎలా చూపించను? నేనూ పోయేననుకుంటారని నడుచుకుంటూ వచ్చేసేను."

"మరి దుర్గ? భవాని?" అన్నాను.

తల దించుకున్నాడు. నేను వాణ్ణి వెనకేసుకురాను. గోదాట్లో చేసింది భయంతో చేశాడు. తర్వాత ప్రతి పూటా నిన్ను ఏడిపించింది మాత్రం తెలిసే చేశాడు. ఆ మాట వాడి ముఖం మీదే అన్నాను.

సోమవారం వాణ్ణి కొత్తపేట ఆఫీసుకి తీసుకొస్తున్నాను. "గోదారి వంతెన దాటలేనమ్మా," అన్నాడు. కళ్లు మూసుకుని నా పక్కన కూర్చోరా, నేను దాటిస్తానన్నాను. వేరే ఉంటున్నానని చెబుతాడు. బుజ్జమ్మ పిల్లల దగ్గరికి కూడా వెళ్లాలన్నాను, దానికింకా ఊఁ అనలేదు. నువ్వు ఆఫీసుకి రావాలనుకుంటే రా, వద్దనుకుంటే మానెయ్. ఆ తర్వాత వాడి దారి వాడిది. నేను లంకకి వెళ్లను. నీ కొత్తింటికి వస్తాను, ఉండనిస్తే.

నీకు కనబడేదెవరని అడిగావు. నాకూ తెలియదు. మనం ఎదురుచూసిన మనిషి మాత్రం ఈ ఇంట్లో లేడు.

ఇంకొక్కటి రాయాలి. వాడి కుడిచెయ్యి ఎప్పుడూ పిడికిలి బిగిసే ఉంటుంది. అన్నం ఎడంచేత్తో తింటాడు. ఇంటి సాయానికి వేలిముద్ర వేసిన రోజు ఆ బొటనవేలు బయటికి లాగడానికి ఇద్దరు మనుషులు కావాల్సి వచ్చిందని రత్నమాల చెప్పింది. ఎందుకురా అంటే, "తెరిస్తే ఆవిడ వెళ్లిపోతుందమ్మా," అంటాడు.

ఇవాళ మధ్యాహ్నం వాడు నిద్రలో ఉండగా వేలు వేలూ విప్పి చూశాను, దుర్గా. అరచేయి తెల్లగా నానిపోయి ఉంది, అప్పుడే నీళ్లలోంచి తీసినట్టు. నేను ముట్టుకోగానే నా వేళ్లు గట్టిగా పట్టుకున్నాడు. నిద్రలోనే. ఈ ఉత్తరం ఎడంచేత్తో రాస్తున్నాను. వాడింకా వదల్లేదు.

అమ్మ
నూకాలమ్మ